మూడున్నర కిలోలు

ఎడమ బొటనవేలి మొదట్లో నొప్పి పుట్టినప్పుడు
మేపుల్ కర్ర, వెండి మీటలు, అన్నీ కలిపి
బసూన్ మూడున్నర కిలోలే కదా అనుకున్నాను.
అంగడి నుంచి అంతకన్నా ఎక్కువే
బంగాళదుంపలు మోసుకొస్తాను.
కానీ దుంపల సంచిలోకి ఎవరూ
మూడు గంటలు ఊపిరి ఊదరు.

"చేతులున్నది మోయడానికి కాదు, లెయిదా,"
అనేవాడు ఎల్మార్ మాస్టారు.
"పట్టీని కుర్చీమీద అడ్డంగా పరిచి దానిమీద కూర్చో.
నీ బరువే దాని బరువు మోస్తుంది."

ఆ పట్టీ మార్చిలో తెగింది,
తార్తూ నాటకశాలలో, రెండో అంకం మధ్యన.
మిగతాదంతా మోకాలిమీద నెట్టుకొచ్చాను.

మర్నాడు తలుపు వెనక మేకు నుంచి
మా కుక్క పొంటు తోలుతాడు తీశాను.
కొక్కెం
బసూన్ అడుగు రింగుకి సరిగ్గా పట్టింది.

పదకొండేళ్ళు నన్ను
ఎమాయొగి ఒడ్డు పొడుగునా, మంచులో కూడా,
ఈడ్చుకెళ్ళిన తాడు.
ఇప్పుడు తొడల కింద అదిమిపెట్టి కూర్చుంటున్నాను.
వేలి నొప్పి తగ్గింది.

ఒక్కోసారి, నెమ్మదిగా సాగే చోట,
నిండా గాలి పీల్చి ముందుకు వంగితే
కింద తాడు కాస్త గుంజుతుంది,
తలుపు వైపుకి.

ఆగరా, అంటాను లోపల్లోపలే,
ఇంకొక్క పేజీ.