గేటు నుంచి గడప దాక

బేల దిక్కు మన్నుకు నిలకడ లేదు.
వానకు ఉబ్బుతది, ఎండకు నోరు తెరుస్తది,
సలికాలం ఎవల మీదనో అలిగినట్టు
బీటలు మూసుకోకుండనే పండుకుంటది.
పత్తినడిగితే మంచి మన్నే అంటది.
నా మూడు గిర్రల బండినడుగుండ్రి.

పోయిన పుష్యమాసం, తెల్లారగట్ల
పలిగిన సిమెంటు పెచ్చుల వెనక గిర్ర ఇరికి
నేనొక దిక్కు, చంకకర్రలొక దిక్కు.
జిన్నింగు మిల్లు తూకాల చిట్టా మంచుల తడిసి
అంకెలన్నీ అలుక్కపోయినయి.
లేపనీకి వచ్చినోళ్లు అయ్యో అన్నరు.
నాకు అయ్యో వద్దు.
పందొమ్మిది అడుగుల తొవ్వ కావాలె.

అడెల్లు మేస్త్రి వచ్చి, ఉట్టి కాళ్లతోని
గేటు నుంచి గడప దాక రెండుసార్లు నడిచిండు.
గడ్డపార మొనతోని పొడిచి చూసి
"రొట్టె మందం పోసిండ్రు, అదీ నల్లరేగడి మీద.
నీళ్ల మీద చాప పరిచినట్టు" అన్నడు.
తర్వాత నన్నడగకుండ నా బండెక్కి కూసొని
బ్రేకు పట్టి, ఇడిచి, మల్ల పట్టి
ఎంత వాలుకు ఎనకకు జారుతదో చూసుకున్నడు.
దాన్ని ఎక్కి చూసిన మనిషి అప్పటిదాక లేడు.

రెండడుగులు తవ్విండ్రు.
నల్లమన్ను ట్రాక్టరెక్కి పత్తిచేనుకే పోయింది,
దాని ఇంటికి అది.
గుంతల ఎర్ర మొరం, జానెడు పోసుడు, తడుపుడు, దిమ్మిస కొట్టుడు.
మల్ల జానెడు.
భీంబాయి దిమ్మిస దించినప్పుడల్ల
మా గూట్ల గిలాసలు గలగలమన్నయి.
"ఇగ సాలదా అక్కా?"
మాట్లాడలే. మడిమెతోని గట్టిగ తొక్కింది.
అచ్చు పడ్డది.
ఇంకో పూట కొట్టింది.

కంకర, చువ్వల జాలి, పక్కపొంటి వాననీళ్లకు సన్న మోరి.
అన్నీ అయినంక సలి వచ్చింది.
డ్రమ్ముల చెయ్యి పెడితే ఏళ్లు నావి కావు.
పొద్దెక్కనిదే కలపనన్నడు అడెల్లు.
పత్తికట్టె మంట మీద కాగు పెట్టి
సిమెంటుకు గోరువెచ్చని నీళ్లు పోసిండ్రు,
బాలింతకు పోసినంత భద్రంగ.

పచ్చిగున్నప్పుడే, నాలుగడుగులకొక గీత
అడ్డంగ కోసుకుంట వచ్చిండు.
"కొత్తదాన్ని నువ్వే కోస్తున్నవేంది మేస్త్రీ?"
"ఎట్లయినా పలుగుతది మేడం.
ఎక్కడ పలగాల్నో ముందుగాల చెప్పి పెడుతున్న."
ఆ మాటను చిట్టాల రాసుకున్న.
ఏ పద్దు కిందికి వస్తదో తెలువక, అంచుల.

గేటు మూల పోసేసరికి పొద్దు గూట్లె పడ్డది.
యూరియా సంచులు కప్పి, మీద వరిగడ్డి పరిచి పోయిండ్రు.
మూలకు సంచి అందలే.
ఈ రాత్రి అయిదు డిగ్రీలన్నది రేడియో.
కిటికీల నుంచి చూస్తె
పండుకున్న పిల్ల కాలు దుప్పటి బయట ఉన్నట్టుండె.
అన్నం సగంల లేచి, కర్రలు పట్టుకొని
పక్క మొరం మీద నుంచి పోయి
కప్పుకున్న గొంగడి తీసి దానికి కప్పిన.
రాత్రంత నేను వణికిన.

తెల్లారి గుంజితే గొంగడి రాలే.
అడెల్లు తిట్టుకుంట, కట్టు విప్పినట్టు మెల్లగ ఊడదీసిండు.
కింద సిమెంటుల పడుగు పడుగంత, పేక పేకంత,
కురుమ ఓదెలు అంచుకు వేసిన ముడులతో సహా.
"సాపు పనిని ఖరాబు జేస్తివి."
ఉట్టి పాదం పెట్టి రాకిండు. మల్ల రాకిండు.
"మంచు పడ్డా గీడ జారదు తీ" అని
వేరే దిక్కు చూసుకుంట అన్నడు.

ఇరవై ఒక్క దినాలు గడ్డి ఆరనియ్యలే, బండి ఎక్కనియ్యలే.
ఇరవై రెండో నాడు మిల్లుకు పోతుంటె
గీతల మీద టక్కు, టక్కు, ఇంకో రెండు,
గేటు కాడ టైరు కింద సన్నగ గరగర.
గొర్రెబూరు సప్పుడు అసుంటిది అని
నాకిదివరకు తెలువదు.

గొంగడి ఇగ కప్పుకోనీకి రాదు.
ఒక మూల పలకలెక్క బిగిసింది.
మడత పెట్టి బండి సీటు మీద ఏసుకున్న.