చిరునామా సున్నా

గిరింపేట మేడమీద గది. రాత్రి పదకొండు.
నూట ఎనభై రూపాయల బోర్డు, బొటనవేలంత.
ఒక తెల్ల తీగ, ఒక ఆకుపచ్చ తీగ.
తెల్లదాన్ని పదిహేను వందల ఓముల రెసిస్టరుతో పైకి లాగితే
వెనక బెంచీ పిల్లాడు చెయ్యెత్తినట్టు.
కంప్యూటరు ఇటు తిరిగి అడుగుతుంది:
ఎవరు నువ్వు?

ఊరూ పేరూ తరవాత,
ముందు ఎనిమిది బైట్లు చాలంటుంది.
ఒక్క గుక్కలో ఎంత మింగగలవో అది చెప్పమంటుంది.
చెప్పాను.
తెర మూలన పసుపు త్రికోణం:
గుర్తు తెలియని పరికరం.
రేణిగుంట పట్టాల పక్కన దొరికినవాళ్లకి
పేపరువాళ్లు రాసే మాట.

ఇదంతా రుక్మాంగదం గారి కోసం.
చర్చి వీధిలో ముప్పై ఏళ్లు పెళ్లి పత్రికలు కంపోజ్ చేసిన చెయ్యి
మొన్న మాఘంలో పడిపోయింది. కుడిది.
ముహూర్తాలు ఆగవు కదా.
పాలిటెక్నిక్ ల్యాబుకు తాళమేసి సాయంత్రాలు నేను వెళ్లి కొడతాను.
ఆయన పక్కన కూచుని ఒత్తులకు కాపలా కాస్తాడు.
"షష్ఠికి ఠ ఒత్తు మే. ట కాదు."

లైబ్రరీలు దొరుకుతాయి, దొరక్కేం.
అన్నీ రెండు చేతుల మనుషులు
రెండు చేతుల మనుషుల కోసం రాసినవి.
ఎడమ చేతి వేళ్లు రెండో మూడో కలిపి నొక్కితే ఒక అక్షరం,
గుణింతానికి బొటనవేలు.
అట్లాంటిది యాడా లేదు.
కాబట్టి నేనే.
పన్నెండు రాత్రులు. పన్నెండు త్రికోణాలు.
కింద బెల్లం మండీకి పోయే లారీలు గేరు మార్చినప్పుడల్లా
టేబుల్ మీద బోర్డు కొంచెం జరుగుతుంది,
నా వైపు కాదు.

ఆదివారం ఒక పత్రిక.
పెళ్లికూతురి పేరు ముందు పొరపాటున
పెళ్లికొడుకు ఇంటిపేరు కొట్టాను.
"ఏమ్మే ఇందుమతీ, అప్పుడే పంపించేసినావా పిల్లని?
పత్రికలో వాళ్ల నాయన ఇంటిపేరే ఉండల్ల.
సరే అనేది పాత పేరుతోనే మే.
కొత్తది ఆ తరవాత."

నా వేళ్లు కీల మీదే ఆగిపోయాయి.

కంప్యూటరు చిరునామా ఇస్తుంది: ఇకమీద నువ్వు ఏడు.
నా కోడు తొందరది. వినీ వినగానే ఏడైపోయి
ఏడుగానే సరే అంటోంది.
అక్కడ కంప్యూటరు ఇంకా సున్నా గుమ్మంలో నిలబడి
జవాబు కోసం చూస్తోంది.
ఎవరూ పలకని ఇంటిని ఎన్నిసార్లు పిలుస్తారు?

ఒక్క లైను కిందికి జరిపాను.
సరే ముందు. పేరు వెనక.
త్రికోణం రాలేదు.
నేనెందుకో లేచి, గది దీపం ఆర్పి, మళ్లీ వేశాను.

బుధవారం దుకాణంలో ఆయన ఎడమ చేతి కింద పెట్టాను.
తెర మూలన పేరొచ్చింది: రుక్మాంగదం.
పది గుర్తులు, ఒక్కోదానికి రెండు బైట్లు,
ముందు లెక్క చెప్పుకోవడానికి రెండు.
కళ్లద్దాలు పైకి జరిపి
రెండు సున్నాలూ ఉన్నాయో లేదో చూసుకున్నాడు.
"ఇంటిపేరేదీ?"

ఇంటిపేరు కొనాలంటే లక్షలడుగుతారని చెప్పాను.
నాలాంటివాళ్ల కోసం ఎవరో
తమది ఊరికే వాడుకోమన్నారని కూడా.
"ఎవురు?"
తెలీదన్నాను.
"మంచోళ్లు" అని, వేళ్లు సర్దుకుని, నొక్కాడు.

శుశుశుశుశుశుశుశు

పేజీ నిండిపోతోంది. నొక్కాడని చెప్పాను గానీ
వేలు తీశాడని చెప్పడం మరిచిపోయాను.
తీగ పీకేశాను.
ఆయన నవ్వాడు, నోటికి ఒక పక్కే.
"ఊపిరి తీసుకోనీ మే దాన్ని."

గల్లాపెట్టె మీదే ల్యాప్‌టాప్ తెరిచాను.
ఎవరో ప్రూఫు కోసం వచ్చి నిలబడ్డారు.
ఎనిమిది సున్నాలు పంపాలి, అంతే.
చెయ్యి ఖాళీ అని చెప్పడానికి.
రాస్తున్నాను.