తీగ లెక్క

దేవరకొండ బస్టాండు ఎదురుగ
పేజీకి పద్దెనిమిది రూపాయలకు టైపు చేస్త.
పెండ్లిపత్రికలు, దశదినకర్మ కార్డులు,
గెట్ల పంచాయితీ అర్జీలు.
వాటి నడుమ ఒకాయన వచ్చిండు,
కరెంటాఫీసు పాత డైరీల రాసిన చరిత్ర సంకల వెట్టుకొని.

గుండెబోయిన మల్సూరు, రిటైర్డు లైన్‌మన్.
ఎడమ బొటనవేలు సగమే ఉంది.
మిగిలింది మాల్ దగ్గరి ట్రాన్స్‌ఫార్మర్ తీసుకుంది.

మొదటి వాక్యం:
'నలభై ఎనిమిది ఎండకాలంల
మా చింతలగట్టు మీదికెల్లి ఒక రేడియో మాట్లాడింది.'
'మాట్లాడింది' కొట్టేసి
పైన 'మాట్లాడిందంటరు' అని దిద్దిండు.
ఏది కొట్టాలె అంటే
రెండూ కొట్టు, కొట్టివేత గూడ కనవడాలె అన్నడు.

మనం వినే పెట్టె కాదది, చెప్పే పెట్టె.
పల్లికాయ బస్తాల దాచి కృష్ణ దాటించిండ్రట.
పుట్టి మీద అని కొందరు,
గొర్ల మంద నడుమ అని కొందరు.
'గొర్లనేటోళ్ళు మావోళ్ళు,
అందుకే నేను నమ్మను' అని రాసుకున్నడు.

నడిరాత్రి దాటినంక పావుగంట:
ఏ ఊరికి రజాకార్ల లారీ వచ్చింది,
ఏ గడీల ఎన్ని తుపాకులు,
ఎవరు పోయిండ్రు.
ఆ పేర్లు చదివిన గొంతు ఎవరిదంటే
ముగ్గురు ముసలోళ్ళు మూడు పేర్లు చెప్పిండ్రు.
ముగ్గురికీ సగం సగం పేజీ ఇచ్చిండు.

కాయిదం మీద దొరికింది మాత్రం
వెతికినోళ్ళ రాతే.
ఉర్దూ ఫైలు. మక్బూల్ టైలరు
కుట్టుమిషన్ ఆపి చదివి చెప్పిండట:
'ఇరవై మూడిండ్లు సోదా చేసినం. ఏమీ దొరకలేదు.
గుట్ట మీద ఒక ధోబిన్ బట్టలారేస్తున్నది.'

ఈ ఆఖరు ముక్క కాడ
మల్సూరు ఏడాది ఆగిండు.
వాగు కింద ఉంది, బండలు కింద ఉన్నయి,
తడిబట్ట బరువు ఎరిగినోళ్ళెవరు
గుట్ట మీదికి మోస్తరు?

టేపు పట్టుకొని ఎక్కిండు.
ఒక బండకు తొలిచిన గుంత,
ఒక రేలచెట్టు మొద్దుకు పాత ఒరుపు,
నడుమ అరవై రెండడుగులు.
'ముప్పై నాలుగేండ్లు తీగలు గుంజినోన్ని,
అది దండెం కాదని నాకు తెలుసు.'
'తెలుసు' కొట్టివేత. 'అనిపిస్తది.'

ఆమె మనుమరాలు హాలియాల ఇస్త్రీబండి నడుపుతది.
బొగ్గులు ఊదుకుంట చెప్పిందట:
రేడియో గీడియో నాకెర్క లేదు సారూ.
మా జేజికి ఒక్క పిచ్చి ఉండె.
లారీ సప్పుడైతే చాలు,
ఆరిన బట్టలు మల్ల బకెట్ల ముంచి
దండెం మీదేసేది.
సచ్చేదాక.
మేం నవ్వేటోళ్ళం.

పేరు?
ఓటరు లిస్టుల అచ్చమ్మ.
రేషను కార్డుల లచ్చమ్మ.
ఇంట్ల అందరికీ జేజే.

నూట నాలుగో పేజీల
పేరుండాల్సిన చోట గీత గీసిండు.
గీత ఎంత పొడుగు పెట్టాలె అని అడిగిన.
సగం వేలు తెర మీద పెట్టి
ఇంకింత, ఇంకింత అనుకుంట
అంచుదాక జరిపిండు.

అప్పుడే కరెంటు పోయింది.
సేవు చెయ్యలే. పేజీ పేజీ మాయం.
నేను నెత్తి కొట్టుకుంటుంటె
ఆయన నవ్విండు: ఈ లైను నేనేసిందే బిడ్డా,
గాలొస్తే పొద్దుగూకేదాక రాదు.

చీకటి దుకాణంల చెమటకు ఊరికె కూసున్నం.
బస్టాండు కాడ ఒక లారీ
కీచుమని బ్రేకు కొట్టింది.
ఇద్దరం ఒక్కసారే
ఎదురింటి డాబా మీది దండెం దిక్కు చూసినం.

రెండు లుంగీలు, ఒక బడి యూనిఫాం.
పొడిగనే ఉన్నయి.