సుక్కడు

అచ్చంపేట దవాఖానల ఆరో నంబరు గది.
కిటికీ పక్కన కంప్యూటరు,
దాని నుదుట పసుపు చీటి.
చీటి మీద నా పేరు, కింద నా పాస్‌వర్డు.
నేనే అంటించిన.
చేరిన మొదటి వారం ఎస్తేరు సిస్టర్ అన్నది:
"నువ్వు చాయకు పోతే పనాగుతది బిడ్డా,
అందరం మనోళ్ళమే గద."

సుక్కడు, పక్కన తొంభై ఎనిమిది.

సుక్కడు మా ఎద్దు.
నుదుట రూపాయంత తెల్ల సుక్క.
బోర్లు ఎండిన ఆ ఏడు
పెబ్బేరు సంతల అమ్మి
పలుపు మాత్రం ఇంటికి తెచ్చుకున్నడు నాయన.
ఇది ఇక్కడ ఎవ్వరికీ తెల్వదు.
తెల్వకుండనే పొద్దుగాల నుంచి రాత్రి దాక
అందరూ వాని పేరే కొడుతుంటరు,
ల్యాబుల జంగయ్య, మందుల కాడ తాహెర్ భాయ్,
రాత్రి డ్యూటీ చిన్న డాక్టరు,
ఒక్కోసారి వాచ్‌మెన్ కొడుకు, క్రికెట్ స్కోరు కోసం.

ఒకామె వచ్చేది.
పేరు చెప్పను, ఊరు చెప్పను,
చీర రంగు కూడ చెప్పను.
నెలకోసారి మధ్యాహ్నం బస్సుకు దిగి
మాత్రలన్నీ పాత పౌడరు డబ్బల పోసుకొని
సీసా మీది కాయితం నాలుగు ముక్కలు చింపి
ఒక్క ముక్కన్న ఇక్కడ పడెయ్యకుండ
కొంగున ముడేసుకొని పోయేది.

ఒక నెల రాలే.
ఇంకో నెల కూడ.
బస్టాండు కాడ చాయబండి పిలగాడు
గ్లాసు కడుక్కుంటనే అడిగిండు:
"అక్కా, ఆమెకు ఆ రోగమంట గద?"
నేను చెప్పలే.
ఒట్టు, నేను చెప్పలే.

నాగర్‌కర్నూలు నుంచి సారొచ్చి
తెర మీద వేలు పెట్టి చూపిండు.
శుక్రవారం రాత్రి పదకొండు నలభైకి
ఆమె ఫైలు తెరిచింది
నేను.
ఆ రాత్రి నేను మా ఊర్ల,
మరదలి పురుటి కాడ నీళ్ళు కాగవెడుతున్న.

సారు అందరి దిక్కు చూసిండు.
ఎస్తేరు సిస్టర్ సూదుల ట్రే సదురుతున్నది,
సదిరిందే మళ్ళ సదురుతున్నది.
తాహెర్ భాయ్ ఫ్యాను దిక్కు.
జంగయ్య చెప్పుల దిక్కు.
మనోళ్ళం.

ఎవరు దున్నిన్రో.
సాలు మాత్రం నా పేరు మీద.
కాడి ఊరందరికీ ఎరువిచ్చిందీ నేనే,
ఆ మాట ఆ సారుతోని అనలేకపోయిన.

చీటి పీకితే రాలే.
గోరుతోని గీకిన.
జిగురు మచ్చ ఇంక అట్లనే ఉన్నది.

తెల్లారి వాకిలి దాక లైను.
చిన్న డాక్టరు బల్ల మీద పెన్ను కొడుతున్నడు:
"ఏందమ్మా, మా మీద నమ్మకం లేదా?"
ఉన్నది సార్, అన్న.
అనుకుంటనే
ఎడమ చెయ్యి అడ్డం పెట్టి కొత్తది కొట్టిన.
తెర మీద సుక్కలు పడ్డయి
ఒకటెనుక ఒకటి, నల్లగ.
దేని ఎనుక ఏమున్నదో
నాకు తప్ప ఎవ్వరికీ కనపడలే.

ఆమె ఫైలు తీద్దామని
వేలు దాక పోయింది.
వచ్చిందో, వేరే ఊరి దవాఖానకు పోతున్నదో,
అసలు మింగుతున్నదో లేదో.

ఆగిన.
ఇయ్యాల ఆమె తారీఖు కాదు.