గాలి కరణం

బర్రా ఊరికి ఉత్తరాన, గొర్రెలు తప్ప ఎవరూ ఎక్కని గుట్ట మీద
ఎనభై మీటర్ల స్తంభం పాతించి
రెండేళ్ళు గాలి లెక్క రాశాను.
పది నిమిషాలకొక అంకె.
ఎటునుంచి వచ్చింది, ఎంత బరువుగా వచ్చింది,
రాత్రి ఏ వేళకు అలిసింది.
మా ముత్తాతల్లో ఒకాయన కరణీకం చేశాడట.
మాగాణి, మెరక, బంజరు
అన్నీ ఆయన అడంగల్లో ఉండేవి, గాలి తప్ప.
ఆ ఖాళీ గడి నా వాటాకొచ్చింది.

స్తంభం నిలబడింది మెర్ల్ పెన్‌గిల్లీ పొలంలో.
ఆమె వంటింట్లో వానల పుస్తకం ఉంది,
అత్తగారి అత్తగారు మొదలుపెట్టినది.
పేజీలకు పేజీలు సున్నాలు.
ఒక సున్నా పక్కన పెన్సిలుతో: గుర్రాన్ని అమ్మేశాం.
"గాలి పుస్తకం లేదా?" అన్నాను.
"దాన్నెందుకు రాయడం?
మన్ను తీసుకుపోయింది, కొట్టం మీది రేకు తీసుకుపోయింది,
మా ఆయన పెళ్ళినాటి టోపీ తీసుకుపోయింది.
దొంగ వచ్చిన రోజులు ఎవరైనా రాసుకుంటారా?"

ఊరి పక్కన పాత రాగి గని.
గొయ్యి నిండా నెమలి మెడ రంగు నీళ్ళు.
అప్పుడూ ఇలాగే వచ్చిందట డబ్బు, ఓడెక్కి, కోటు తొడుక్కుని.
రాగి అయిపోయిన మర్నాడు
గొయ్యిని ఇక్కడే మరిచిపోయి వెళ్ళింది.
అందుకే మెర్ల్ ఒప్పందం కాగితాల్లో
కౌలు ఎంతని వెతకలేదు.
పోయేటప్పుడు ఊడదీసేదెవరు అన్న పేజీ వెతికింది.
నలభై ఒకటో పేజీ. దాని మూల మడిచింది.

సిడ్నీ నుంచి ఫోన్లో పదకొండు గొంతులు.
"పదేళ్ళలో తొమ్మిదేళ్ళు ఇంతకు తగ్గదని చెప్పగలవా?"
గాలిలో దీపం పెట్టి దేవుడా అనడం విన్నాను,
గాలి మీదే నూట నలభై కోట్ల డాలర్లు పెట్టి
వీళ్ళు నన్ను పిలుస్తున్నారు.
ఆ డబ్బులో ఎక్కడో
ఏదో చలిదేశపు బడిపంతుళ్ళ పింఛను ఉందట.
వాళ్ళెవరూ ఈ గుట్ట పేరు ఎన్నడూ పలకరు.
నేనొక అంకె చెప్పాను.
చెప్పాక గొంతు తడారింది.
రెండేళ్ళు చూసి ముప్పై ఏళ్ళకు సాక్షి సంతకం!
మా కరణం తాత కూడా ఇంత ధైర్యం చేసి ఉండడు.

అరవై రెండు మరలు లేచాయి.
ఒక్కో రెక్క ఊళ్ళోంచి వెళ్తుంటే
బేకరీ మూల తిరగడానికి
దీపం స్తంభాన్ని పీకి, మళ్ళీ పాతారు.
పిల్లలు పక్కనే అడుగులేస్తూ కొలిచి
తొంభై దగ్గర లెక్క తప్పి, మానేశారు.

రోడ్డుకి ఈవల కెల్విన్ రోర్లాక్ పొలం, పల్లం.
గాలి అతని తల మీంచి పోతుంది, కాసు రాల్చకుండా.
పొద్దువాలితే మెర్ల్ మర నీడ రోడ్డు దాటి
అతని గొర్రెల దొడ్డి మీద తిరుగుతుంది
ఒకటి, రెండు, మూడు,
ఒకటి, రెండు, మూడు.
నీడకు కౌలు లేదు.
లేదని తెలిసీ ఒప్పందమంతా వెతికాను.
అతను నన్నేమీ అనలేదు.
"లెక్క నీదేనా?" అని మాత్రం అడిగాడు.

ఫిబ్రవరిలో నాలుగు రోజులు ఆకు కదల్లేదు.
మరలన్నీ చేతులు చాచినవి చాచినట్టే ఆగాయి.
మెర్ల్ ఆరేసిన దుప్పటి
తీగ మీద గోడలా వేలాడింది.
నలభై ఏళ్ళలో మొదటిసారి
ఆమె గాలి కోసం గుట్ట వైపు చూసింది,
కళ్ళంలో చాట తలపైకెత్తి
గింజలు వదలకుండా నిలబడిన మనిషిలా.

"ఇవాళెంత?" అంది.
"సెకనుకి మీటరున్నర. మర తిరగదు."
వానల పుస్తకం తెచ్చి, సున్నా పక్కన కొత్తగా గీత గీసి
ఒకటిన్నర వేసింది.
"దొంగ రాలేదని రాయనా?" అంది, నవ్వకుండా.

రోడ్డు మీద కెల్విన్ ట్రక్కు పోతోంది.
స్టీరింగ్ మీంచి ఒక వేలు లేపాడు, ఇద్దరిలో ఎవరికో.
వెనకాల లేచిన దుమ్ము
లేచిన చోటే నిలబడింది.