లేని బిందె

భోలక్‌పూర్‌లో పాత ఇనుము గోదాముల వెనక
రేకుల కమ్యూనిటీ హాలు.
ఆదివారం, పదకొండు గంటలు.
పచ్చితోళ్ళ వాసన మాకంటే ముందే వచ్చి
ముందు వరసలో కూర్చుంది.

మేం నలుగురం.
తెర లేదు, రంగు లేదు, రాసుకొచ్చిన మాట లేదు.
అప్పటికప్పుడు అల్లి, అప్పుడే విప్పేసే ఆట మాది.
సంయుక్త, తబ్రేజ్, క్లెమెంట్,
వారమంతా బ్యాంకు కౌంటర్లో
సంతకాలు కలిశాయో లేదో చూసే నేను.
ఎదురుగా చాపల మీద అరవై మంది.
కొందరి ఒళ్ళో తమ్ముళ్ళు,
ఒకడి ఒళ్ళో కోడిపిల్ల.

"ఒక చోటు చెప్పండి, అక్కడికే పోదాం" అన్నాను.
జూబ్లీహిల్స్ కేఫుల్లో ఇదే అడిగితే
చంద్రమండలం అంటారు, పారిస్ అంటారు,
నవ్వు ముందే సిద్ధం చేసుకుని మరీ అంటారు.
ఇక్కడ కాసేపు ఫ్యాను ఒక్కటే మాట్లాడింది.
తర్వాత వెనకనుంచి ఎవరో:
"ట్యాంకర్ కాడికి."

సరే, ట్యాంకర్.
క్లెమెంట్ లారీ అయ్యాడు, బుగ్గలుబ్బించి హారన్ కొట్టాడు.
తబ్రేజ్ పైపు అయ్యాడు, చెయ్యి జాపి బుస్సుమన్నాడు.
సంయుక్త, లేని పిల్లాణ్ణి చంకనేసుకుని
లైన్లో నిలబడింది.
నేను గాలిలోంచి ఒక బిందె తీసి
వయ్యారంగా నడిచాను.
నవ్వుతారనుకున్నాను.

"ఐసా నై సార్!"
లేచింది ఎనిమిదేళ్ళ ముబీన.
"నిండు బిందె అట్ల మోస్తరా?
మీ బిందెల నీళ్ళే లేవు."

మా ఆటకు ఒకటే నియమం:
ఎదుటివాళ్ళు ఏమన్నా కాదనకూడదు,
అవునని, దానిమీద ఇంకొకటి పేర్చాలి.
అవునన్నాను.
ముబీన వచ్చి నా నడుం ఒక పక్కకి వంచింది,
ఒక భుజం దించింది,
బరువుకి సాటిగా రెండో చెయ్యి దూరంగా చాపించింది.
"ఇగ నడువ్."
నడిచాను.
నిజం చెప్పొద్దూ, నడుం నొప్పెట్టింది.

ఇక ఆట మా చేతుల్లో లేదు.
బాలనర్సు లారీ ఎక్కి డ్రైవరయ్యాడు,
లేని బీడీ ముట్టించి, ఎవరి మొహమూ చూడకుండా.
శివలీల లైను తప్పించి ముందుకు దూరింది.
ఇద్దరు ఆడవాళ్ళు ఆమె జడ పట్టుకున్నారు,
ఇద్దరికీ పదేళ్ళు నిండలేదు.
తిట్లు మాత్రం నిండు వయసువి.
మూలనున్న టీచరమ్మ
హాజరు పుస్తకంలోకి తల దించుకుంది.

ఒరిస్సా నుంచి కొత్తగా వచ్చిన తపన్‌కి
తెలుగూ రాదు, ఉర్దూ రాదు.
వాడు లారీ కిందికి దూరి
కారే చుక్కల కింద దోసిలి పట్టాడు.
ఎంతసేపు!
లొల్లి తనంతట తనే సద్దుమణిగింది.
దోసిలి నిండేదాకా అందరం చూశాం.
వాడు తాగలేదు.
ఒలక్కుండా నడిచొచ్చి
సంయుక్త చంకలో పిల్లాడికి పట్టాడు.
ఆమె ఆ పిల్లాణ్ణి ఎప్పుడో మరిచిపోయింది,
చెయ్యి మాత్రం దించలేదు, అంతే.
ఇప్పుడు గబగబా తల నిమిరింది.

నీళ్ళు పట్టాక ఇంటికి పోవాలి కదా.
సంయుక్త అలవాటుగా గడియ తీయబోయింది,
నాలుకతో కిర్రుమని చప్పుడు కూడా చేసింది.
అరవై గొంతులు ఒక్కసారి:
"తలుపు లేదక్కా! పరదా!"
ఆమె పరదా పక్కకి జరిపి,
తల వంచి,
లోపలికి పోయింది.

జేబులో నా కాయితం మీద ఇంకా ఆరు ఆటలున్నాయి.
తీయలేదు.
అరటిపళ్ళు పంచుతుంటే
కోడిపిల్ల వాడు రెండడిగాడు.

చెప్పులేసుకుంటున్నాను.
"సార్, మా బిందె?"
ఎక్కడ పెట్టానో ఒక్క క్షణం తోచలేదు.
కిటికీ పక్కనుంచి తెచ్చి
రెండు చేతులా అందించాను.
ముబీన లోపలికి తొంగి చూసింది,
కౌంటర్లో నేను సంతకం చూసినట్టు.
"సగం వొలకవోసిన్రు" అంది.
మిగిలింది చంకనెత్తుకుని
నడుం వంచి, ఒక చెయ్యి చాపి,
ఇనుప తుక్కు మధ్య దారి చూసుకుంటూ పోయింది.

గల్లీ మలుపు దాకా చూశాను.
ఒక్క చుక్క పడలేదు.