పదహారు గళ్ళ చిలక

పెరంబూరులో మేడ మీది గది, రాత్రి పదకొండు.
కరెంటు పోయి వచ్చింది,
ఫ్యాను తిరగాలా వద్దా అని ఇంకా ఆలోచిస్తోంది.
నల్ల తెర మీద తెల్ల గీత
రెప్పలు కొడుతూ నా మాట కోసం కాచుకుంది.

మంగతాయారమ్మ గారి అప్పడాల కంపెనీకి
బిల్లుల సాఫ్ట్‌వేరు రాశాను.
అంతా నచ్చింది ఆవిడకి, ఒక్కటి తప్ప.
"మా చిలకేదయ్యా?"
చూస్తే, డెస్క్‌టాప్ మీద ఊరూ పేరూ లేని తెల్లకాగితం బొమ్మ.
"దీన్ని నొక్కితే మా లెక్కలొస్తాయంటే ఎవరు నమ్ముతారు?"

రేకు డబ్బా మీది చిలకని ఫొటో తీశాను.
నలభై ఏళ్ళది. రెక్క మీద తుప్పు,
ముక్కున జామకాయ, మెడకి ఎర్ర హారం,
కాలి కింద సన్నగా సంతకం: చెంగల్రాయుడు.

మ్యాజిక్ అని మొదలుపెట్టి ఒక వరుస కొట్టాను.
ఆ పనిముట్టు పేరే అది, నేను పెట్టింది కాదు.
బొమ్మ పేరు, కొలతలు, కామాలు, చివర చుక్క ఐకో.
కామా తర్వాత ఖాళీ వదిలానని
ఏడు వరుసలు తిట్టింది.
రెండోసారి కిమ్మనలేదు.
ఈ తెర నోరు మూసుకుందంటే పనైపోయినట్టే.

ఒకే ఫైలు కడుపులో ఆరు చిలకలు.
రెండు వందల యాభై ఆరులో తుప్పు కూడా ఉంది.
అరవై నాలుగులో సంతకం పోయింది.
నలభై ఎనిమిదిలో హారం మెడలో ఇంకిపోయింది.
ముప్ఫై రెండుకి వచ్చేసరికి జామకాయ తినేసినట్టుంది.
పదహారులో
ఎవరో గోంగూర నమిలి ఉమ్మిన మరక.

పొద్దున్నే చూలై వెళ్ళి ఆయన్ని పట్టుకున్నాను.
ఒకప్పుడు మౌంట్‌రోడ్డు మీద సినిమా బోర్డులు రాసిన చెయ్యి,
ఇప్పుడు కాఫీ గ్లాసు పట్టుకుంటే వణుకుతోంది.
"అరచేతిలో పట్టే ఫొటో ఇచ్చేవాళ్ళు.
గళ్ళు గీసి అరవై అడుగులకి లాగేవాణ్ణి.
నువ్వు అదే దారిలో వెనక్కి నడుస్తున్నావు.
పెంచడం సుళువు నాయనా, లేనిది కల్పిస్తే చాలు.
తగ్గించాలంటే ఉన్నదాన్ని చంపుకోవాలి.
బస్సులో పోయేవాడు బోర్డుని చూసేదెంతసేపు?
ముక్కు ఇవ్వు వాడికి. ఎర్రగా ఇవ్వు.
మిగతాది వాడి కళ్ళే గీసుకుంటాయి."

మనవరాలి లెక్కల నోటుబుక్కు లాక్కుని
అడ్డం పదహారు, నిలువు పదహారు.
పచ్చ నింపాడు, ఎర్రకి నాలుగు గళ్ళు,
కంటికి నలుపు ఒక్కటి.
దాని పక్క గడి వదిలేశాడు.
మరిచిపోయాడేమోనని పెన్ను అందించాను.
చేతి మీద కొట్టాడు.

ఆ రాత్రి ఒక్కో గడీ వెలిగించి
మళ్ళీ ఆ వరుస కొట్టాను, ఈసారి కుదించమని కాదు,
ఆరింటినీ ఒక గూట్లో పెట్టమని.
తెర కిమ్మనలేదు.

కంపెనీలో మాత్రం ఇంకా తెల్లకాగితమే.
"మీ కంప్యూటరుకి పాత మొహం మీద మమకారం," అని
దాని జ్ఞాపకాన్ని తుడిచి, మళ్ళీ వెలిగించాను.

కింది పట్టీలో, పెసరగింజంత.
పిండి చేతులతో గుమ్మంలోంచే
మంగతాయారమ్మ అంది, "అదుగో."
గుమాస్తా కుప్పమ్మ బాణాన్ని తెచ్చి
సరిగ్గా ఎర్ర ముక్కు మీదే నొక్కింది,
కొరుకుతుందేమో అన్నంత జాగ్రత్తగా.